నిమ్మడిప్పలో నీలి మంట

సరసమ్మ మనసులో ఒక పొట్లం ముప్పై ఒక్క ఏళ్లుగా విప్పకుండా ఉండిపోయింది.

అది అరిటాకు పొట్లం. ఆమెకు పెళ్లి సంబంధం వచ్చినప్పుడు తల్లి చెంగమ్మ గుడియాత్తం గంగమ్మ గుడిలో అమ్మవారి పాదాల దగ్గర రెండు పొట్లాలు పెట్టింది. ఒకదానిలో తెల్లపువ్వు, ఇంకొకదానిలో ఎర్రపువ్వు. తెల్లది వస్తే అమ్మవారు సరేనన్నట్టు, ఎర్రది వస్తే వద్దన్నట్టు. గుడిలో ఆడుకుంటున్న ఒక పసిపాపను పిలిచి ఒక పొట్లం తీయించారు. విప్పితే తెల్లటి నందివర్ధనం. అందరూ చెంపలు వేసుకున్నారు. నెల తిరగకుండానే సరసమ్మ దేవరాజులు భార్యగా వేలూరు చేరింది.

అంతా బాగానే జరిగింది గానీ, పాప పొట్లం విప్పుతున్న క్షణంలోనే తల్లి రెండో పొట్లాన్ని గబుక్కున తీసి రొంటిన దోపుకోవడం సరసమ్మ కంట పడింది. దాన్ని విప్పమని ఎవరూ అనలేదు. విప్పాల్సిన అవసరమూ లేదు. ఒకటి తెల్లదైతే రెండోది ఎర్రదే కదా. అయినా పందొమ్మిదేళ్ల పిల్ల మనసులో అప్పుడు దిగిన ముల్లు, యాభై ఏళ్లు వచ్చినా కదులుతూనే ఉంది. నిజంగా రెండోదాంట్లో ఎర్రపువ్వే ఉన్నిందా?

దేవరాజులు చెడ్డవాడు కాడు. సిగరెట్టు తాగడు, మందు ముట్టడు, పైపెచ్చు ఆ వాసన పడితే వీధి మారి నడుస్తాడు. ఇంట్లో ఆమెకు తిండికీ బట్టకూ లోటు రాలేదు. అయితే ఏ విషయంలోనూ ‘నీకేమనిపిస్తా ఉండాది’ అని అడిగిన మనిషీ లేడు. అమ్మవారు చేసిన పెళ్లి కదా అని ఆమె సర్దుకుపోయింది. సర్దుకుపోయిన ప్రతిసారీ ఆ పొట్లం ఒక్కసారి గుర్తుకు వచ్చి పోయేది.

ఆ శుక్రవారం వేలూరు బాగాయంలోని వాళ్ల ఇల్లు ఎప్పటిలాగే తెల్లవారింది. మే నెల కత్తిరి ఎండలు మొదలై వారమైంది. పొద్దున్నే మేడమీద గచ్చు కాలుతోంది. గుడియాత్తం బజారులో లుంగీల అంగడి ఉన్న దేవరాజులు నాలుగు ఇడ్లీలు తిని, గొడుగు చంకన పెట్టుకుని బస్సుకు వెళ్లాడు. ఆయన గేటు దాటిన కాసేపటికి మేడమీది గదిలోంచి ఆ చప్పుడు మొదలైంది. ఇనుప డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపుతున్నట్టు గలగల, గలగల. బెంగళూరు నుంచి సెలవు మీద వచ్చినప్పటి నుంచీ కూతురు హేమప్రియ రోజూ ఇదే వరస. అడిగితే కసరత్తు అంది. పెద్ద హోటల్లో, వచ్చేపోయేవాళ్లను పలకరించే చోట ఉద్యోగం చేసే పిల్ల, ఒళ్లు చూసుకుంటుందిలే అని తల్లి ఊరుకుంది.

ఆవేళ పొయ్యి మీద జున్ను ఆవిరికి ఉడుకుతోంది. దానికో కారణం ఉంది. రెండు రోజుల కిందట మేడమెట్ల మీద ఆరేసిన వడియాలు తీస్తుంటే, పిల్ల ఫోనులో ఎవరికో చెబుతోంది. మూడు రకాలు ఉంటేగానీ తనకు పని జరగదని, ఇక్కడ మంచిది దొరకడం కష్టమని. సగం సగంగా వినబడిన ఆ మాటల్లో జున్ను అన్నది మాత్రం సరసమ్మకు స్పష్టంగా వినిపించింది. ఎల్లుండి ఆదివారమే తాంబూలాలు. ఆంబూరుకు కోడలై పోబోయే పిల్ల, నోటికి ఇష్టమైనది కన్నతల్లిని అడగలేక ఎవరితోనో చెప్పుకుంటోందని ఆమె ప్రాణం కొట్టుకుంది. పాలు పోసే ఆమెకు చెప్పి ముర్రుపాలు తెప్పించింది. బెల్లంతో ఒకటి, చక్కెరతో ఒకటి పెట్టింది. మూడో రకం ఏమిటో ఎంత ఆలోచించినా తోచలేదు.

వేడివేడి ముక్కలు పళ్లెంలో పెట్టుకుని మేడెక్కింది. తలుపు ఓరగా ఉంది. లోపల బల్ల మీద మూడు గాజు సీసాలు, కోసిన నిమ్మకాయలు, పొడుగాటి గరిటె, తన ఇడ్లీపిండి గిన్నెలో ఐసుగడ్డలు. హేమప్రియ ఒక స్టీలు డబ్బాను భుజం దగ్గర పట్టుకుని ఊపుతోంది. తల్లిని చూసి చెయ్యి అట్లాగే గాలిలో ఆగిపోయింది.

“నువ్వడిగిన జున్ను” అంది సరసమ్మ.

“నేను జున్ను అడగలేదమ్మా.”

“మూడు రకాలు కావాలని ఫోనులో అంటివే.”

హేమప్రియ పళ్లెం వైపు చూసింది, సీసాల వైపు చూసింది. నవ్వు రాబోయి, మధ్యలోనే ఏడుపుగా మారింది. “అది జున్ను కాదమ్మా, జిన్ను.”

“జిన్ను అంటే?”

“మందు.”

ఎవరికి ఒంట్లో బాగాలేదని అడగబోయిన సరసమ్మ, కూతురి ముఖం చూసి ఆగిపోయింది.

తర్వాత చాలాసేపు హేమప్రియే మాట్లాడింది. హోటల్లో తను కూర్చునేది గుమ్మం దగ్గర కాదు. మూడేళ్లుగా బారులో బల్ల వెనక నిలబడి పానీయాలు కలుపుతోంది. మొదట తప్పనిసరై వెళ్లింది, తర్వాత ఆ పని మీద ప్రాణం పడింది. వచ్చే బుధవారం బెంగళూరులో ఒక కొత్త హోటలువాళ్లు తమ బారుకు పెద్దను ఎంచుకుంటారు. ముగ్గురు రుచి చూసేవాళ్ల ముందు జిన్నుతో చేసే ఐదు పాత పానీయాలు తప్పు లేకుండా కలపాలి. అందుకే ఈ అభ్యాసం. ఒక్క గుక్క కూడా మింగనని, నాలుక మీద వేసుకుని ఉమ్మేస్తానని ఒట్టు పెట్టబోయింది.

సరసమ్మకు ఆ మాటలు చెవిలో పడుతున్నాయి గానీ ఆమె ముక్కు ఇంకేదో వెతుకుతోంది. గది నిండా గుగ్గిలం వాసన. చెట్టు బంకను నిప్పుల మీద వేసినట్టు, చల్లగా, ఘాటుగా. ఈ వాసన తను ఇంతకు ముందు ఒకసారి చూసింది. బల్ల చివర మూత తీసిన స్టీలు డబ్బాలో, నీళ్లలాంటి దానిలో నిమ్మడిప్పలు మునిగి ఉన్నాయి.

“ఇవేంటివి?”

“రసం పిండేసిన డిప్పలమ్మా. మిగిలిన జిన్నులో నానబెడితే తొక్క వాసన దాంట్లోకి దిగుతాది. రెండు దినాలైనాక జిన్ను వంపేసుకుని డిప్పలు పారేస్తా.”

“ఫ్రిజ్‌లో పెడతావా?”

“ఆమా, దాంట్లోనే. నీ దీపాలకని పెట్టే మంచి డిప్పలు పక్క డబ్బాలో ఉంటాయి కదా.”

సరసమ్మ పళ్లెం మంచం మీద పెట్టి, దాని పక్కనే కూలబడింది.

ప్రతి శుక్రవారం రాహుకాలంలో ఆమె దుర్గమ్మ సన్నిధిలో నిమ్మకాయ దీపాలు పెడుతుంది. రసం పిండిన డిప్పను తిరగేసి, దొన్నెలా చేసి, నెయ్యి పోసి, వత్తి వేసి వెలిగించడం. రెండు వారాల కిందట ఆంబూరు సంబంధం గురించి అడగడానికి వెళ్లినప్పుడు, పిల్ల తన కోసం డిప్పలు సిద్ధం చేసి పెట్టిందని మురిసిపోయి, ఫ్రిజ్‌లో చేతికందిన డబ్బా తీసుకుపోయింది. మూత తీస్తే గుగ్గిలం వాసన వచ్చింది. గుడి వాసనే అనుకుని, అడుగున ఉన్న నీళ్లు వంపేసింది. అగ్గిపుల్ల అంటించగానే ఐదు దీపాలూ ఒకదాని వెంట ఒకటి భగ్గుమన్నాయి. డిప్పల అంచుల చుట్టూ నీలి మంట వడ్డాణంలా తిరిగింది. పక్కనున్న ఆడవాళ్లు లేచి నిలబడి దండం పెట్టారు. ఒక ముసలామె ఆమె చెయ్యి పట్టుకుని, అమ్మ నీతో మాట్లాడిందని కళ్లనీళ్లు పెట్టుకుంది. సరసమ్మ ఇంటికి వచ్చి చెప్పగానే దేవరాజులు ఆంబూరుకు ఫోను చేసి మాట ఇచ్చేశాడు. అబ్బాయి సుజిత్ నెమ్మదస్తుడు. వాళ్ల నాయన గోపాలస్వామికి చెప్పుల పైతోలు కుట్టించే కార్ఖానా ఉంది. పిల్ల ఉద్యోగం మానేయాలన్నది ఒక్కటే వాళ్ల షరతు. దీపమే సరేనన్నాక షరతుదేముంది అనుకున్నారు. హేమప్రియ ఆ రోజు నుంచి అన్నం ముందు కూర్చుని లేవడమే గానీ తిన్నది లేదు.

“ఆ డిప్పలు మండుతాయా?” అని అడిగింది సరసమ్మ.

హేమప్రియకు అప్పుడు అర్థమైంది. మాటల్లో చెప్పకుండా గరిటెలో కాస్త జిన్ను పోసి, కిటికీ తెర లాగి, అగ్గిపుల్ల గీసింది. గరిటె అంచు చుట్టూ నీలి మంట వడ్డాణంలా తిరిగింది.

సరసమ్మ అది ఆరిపోయేదాకా చూసింది. ఆ రోజు రాహుకాలం వచ్చి పోయింది. ఎన్నో ఏళ్లలో మొదటిసారి ఆమె గుడికి వెళ్లలేదు. అమ్మవారి మీద కోపం కాదు. ఏ ముఖం పెట్టుకుని ఏమని అడగాలో తెలియలేదు. దీపం తప్పని భర్తకు చెబితే సీసాల సంగతి చెప్పాలి. చెప్పకపోతే ఆదివారం పిల్ల చేతిలో ఆంబూరువాళ్ల తాంబూలం పడుతుంది. ఏ వైపు తిరిగినా గోడే. మధ్యాహ్నమంతా వంటింట్లో గిన్నె మీద గిన్నె తోముతూ, తోమినవే మళ్లీ తోముతూ గడిపింది.

సాయంత్రం దేవరాజులు కాళ్లు కడుక్కుని కూర్చోగానే ఆమె అంతా చెప్పేసింది. దాచి పెట్టే అలవాటు ఆమెకు లేదు. ఆయన కేకలు వేయలేదు. మేడెక్కి వెళ్లి, మూడు సీసాలనూ చూసి, దిగివచ్చి, గోడ మీది ఫోటో కింద నిలబడ్డాడు. అందులో ఉన్నది ఆయన తమ్ముడు గోవిందసామి. ముప్పై ఎనిమిదేళ్లకే తాగి తాగి కాలేయం చెడి పోయినవాడు.

“వీణ్ని ఈ భుజం మీద మోసినా” అన్నాడు దేవరాజులు. “నా ఇంట్లోనే సీసాలు పెడితివి కదా తల్లీ.”

“నేను తాగను నాయనా. కలుపుతాను అంతే.”

“కల్లంగడివాడు కూడా తాగడు. పోస్తాడు అంతే.”

ఆ మాటకు హేమప్రియ తల వంచుకుంది. నెమ్మదిగా అంది. “పోసేది మాత్రమే కాదు నాయనా నా పని. ఎవరికి ఎప్పుడు చాలని చెప్పాలో అది కూడా నా పనే. నేను గ్లాసు తీసేసి, నీళ్లిచ్చి, ఆటో పిలిచి పంపినోళ్లు ఎంతమంది ఉండారో. చిన్నాయనకు చాలని చెప్పేవాళ్లు ఒక్కరూ లేకపోయినారు.”

దేవరాజులు ముఖం నల్లబడింది. దీపం సంగతి ఎత్తితే, ఎట్ల వెలిగినా వెలిగింది, ఇచ్చిన మాట ఇచ్చినట్టేనని సరసమ్మను కసిరాడు. వ్యాపారం చేసేవాడికి మాట తప్పితే ఇంకేం మిగులుతుందన్నాడు.

మరునాడు పొద్దున ఆయన వెళ్లాక సరసమ్మ పూలకని గేటు దగ్గరకు వెళితే బయట నుంచి బీగం వేసి ఉంది. ఫోను చేసింది. తాంబూలాలు అయ్యేదాకా పిల్ల గడప దాటకూడదని, అది నీ కోసం వేసిన బీగం కాదని చెప్పి ఆయన పెట్టేశాడు. సరసమ్మ గేటు చువ్వలు పట్టుకుని నిలబడింది. వీధిలో పూలామె గంపతో వచ్చి, బీగం చూసి, ఏమీ అడగకుండా పోయింది. ఎవరి కోసం వేసినా బీగం బీగమే. లోపల ఇద్దరూ ఉన్నారు.

ఆమె తిన్నగా మేడెక్కింది. హేమప్రియ సీసాలను పాత చీరలో చుడుతోంది.

“ఆ మూడూ ఒకటే కదా, మూడెందుకు?” అంది సరసమ్మ.

పిల్ల తల ఎత్తి చూసింది. ఇది కోపమో కుతూహలమో ఆమెకు తెలియలేదు. ఒకటే కాదని, అన్నిటికీ మూలం ఒక చలిదేశపు చెట్టు కాయేనని, అయితే దానితో కలిపే దినుసులు వేరువేరని చెప్పింది. ఆ కాయ ఘాటు ఎక్కువగా ఉండేదాన్ని, ఐసుతో నెమ్మదిగా గరిటెతో తిప్పి, వడగట్టి ఇచ్చే మార్టినీకి వాడుతుంది. నిమ్మతొక్క వాసన ఉన్నదాన్ని సోడా పోసే కాలిన్సుకు. ఎర్రటి చేదు సారా కలిపేదానికీ, చేదు సోడా పోసేదానికీ మళ్లీ ఆ ఘాటుదే. ఒక్క గిమ్లెట్ దగ్గరే చిక్కు. నిమ్మరసం, చక్కెర పాకం, జిన్ను, అంతే దాని కథ. దానికి ఏది వాడాలో మూడు వారాలుగా తేలడం లేదు. నిమ్మతొక్కది వాడితే ఎక్కడో వెలితి. మూడోది దీనికి నప్పదని ముట్టనేలేదు.

“వాసన చూస్తే మైల కాదులే” అని తనకు తనే చెప్పుకుని సరసమ్మ చెయ్యి చాపింది.

ముప్పై ఏళ్లు రసం పొడి, సాంబారు పొడి ఇంట్లోనే వేయించిన ముక్కు అది. దినుసు ఒక్క క్షణం ఎక్కువ వేగినా వీధిలోంచే చెప్పగలదు. మొదటి సీసా చూసి, ఇది గుగ్గిలం అంది. రెండోది చూసి, పచ్చి నిమ్మతొక్క అంది. మూడోది చూసి కళ్లు మూసుకుంది. “దీంట్లో ధనియాలు ఉండాయి. వేయించినవి కాదు, పచ్చివి దంచినవి. ఎనకాల రవ్వంత యాలకాయ.”

హేమప్రియ నోరు తెరిచి చూస్తోంది. అట్లా వాసన పట్టడం తనకు నేర్పడానికి బారులో ఒకాయనకు ఆరు నెలలు పట్టింది.

“చింతపండు పులుసులో మళ్లీ పుల్లగుండేది ఎవరన్నా వేస్తారా?” అంది సరసమ్మ. “నిమ్మరసం ఉండేదాంట్లో నిమ్మవాసనది ఎందుకు? ధనియాలది వెయ్యి. పులుపును అదే పట్టుకుంటాది.”

హేమప్రియ కలిపింది. డబ్బా ఊపే చప్పుడు ఈసారి సరసమ్మ దగ్గర నిలబడి విన్నది. పిల్ల చేతులు ఎంత నిబ్బరంగా ఉన్నాయో, కొలగిన్నెలోంచి ఒక్క బొట్టు కూడా బయట పడకుండా ఎట్లా వంచుతుందో చూసింది. పొడి దంచేటప్పుడు తన చేతులు కూడా ఇట్లాగే ఉంటాయని ఎవరో ఎప్పుడో అన్నారు. హేమప్రియ నాలుక మీద వేసుకుని, ఉమ్మేసి, వాష్‌బేసిన్ దగ్గరే గోడకు ఆనుకుని నిలబడిపోయింది. “ఇదేనమ్మా” అంది. “ఇదే. కానీ ఇంకేం లాభం?”

సరసమ్మ కిందికి దిగి పూజగది ముందు నిలబడింది. తప్పో ఒప్పో చెప్పమని అమ్మవారిని అడగబోయి ఆగిపోయింది. అడిగే అలవాటే తనను ఇక్కడిదాకా తెచ్చిందేమో. ముందు వేరే మనిషిని అడగాల్సిన మాట ఒకటి ఉంది. కుంకుమ భరిణె తెరిచి, కుంకుమలో వేలు పెట్టి తడిమింది. గేటు బీగానికి ఇంకో తాళంచెవి, ఎన్నో ఏళ్ల కిందట తనే అందులో వేసి ఉంచినది, వేలికి తగిలింది. చువ్వల్లోంచి చెయ్యి బయటికి పెట్టి బీగం తీసేసరికి మణికట్టు గీసుకుపోయింది.

“పద” అంది. “అవ్వ దగ్గరికి పోయొద్దాం.”

గుడియాత్తంలో చెంగమ్మ చిన్నకొడుకు కృష్ణన్ ఇంట్లో ఉంటోంది. కొడుకూ కోడలూ పనికి వెళితే పగలంతా ఒక్కతే. ఎనభై దాటాయి. ఒకప్పుడు ఇంట్లో కూర్చుని అగ్గిపెట్టెలకు కాగితాలు అంటించిన వేళ్లు ఇప్పుడు వంకర్లు తిరిగి ఉన్నాయి. ఇద్దరినీ చూసి సంబరపడి, కూతురి మణికట్టు మీది గీత చూసి దాన్ని వేలితో తడిమింది. సరసమ్మ భర్తకు ఫోను చేసి, తను గుడియాత్తంలోనే ఉన్నానని, అంగడి మూసి అమ్మ ఇంటికి రమ్మని చెప్పింది. అట్లా రమ్మని పిలవడం పెళ్లయ్యాక ఇదే మొదలు.

దేవరాజులు పావుగంటలో వచ్చాడు. గేటు ఎట్ల తెరిచినారని అడిగాడు గానీ, ఇంటిలో ఏదో జరగబోతోందని తెలిసినవాడిలా గుమ్మం దగ్గరి బల్ల మీద కూర్చుండిపోయాడు.

“అమ్మా, ఈయన ముందరే అడగాల్సిన మాట” అంది సరసమ్మ. “గంగమ్మ గుళ్లో రెండో పొట్లం నువ్వు రొంటిన దోపుకుంటివి. దాంట్లో ఏముండింది?”

చెంగమ్మ తన వేళ్లను చూసుకుంది. “వచ్చినప్పుడంతా నీ ముఖం ఆ మాటే అడుగుతా ఉండె. నేను పొయ్యి పక్కకు తిరిగిపోతా ఉంటి” అంది. “తెల్లపువ్వే.”

సరసమ్మ తల్లి ఎదురుగా గచ్చు మీద కూర్చుంది.

“ముందు దినమే వాళ్లకు మాట ఇచ్చేసినాము. ఎర్రది వచ్చేస్తే ఏం చేసేదని భయం. అందుకని రెండిట్లోనూ తెల్లదే పెట్టినా. అమ్మను అడిగినట్టు చేసినా గాని అడగలేదు.”

దేవరాజులు గొంతు సవరించుకున్నాడు. అరవై ఏళ్ల మనిషి ముఖం బడిలో పేరు పిలవని పిల్లవాడి ముఖంలా అయిపోయింది. “అంటే గంగమ్మ నన్ను ఒప్పుకోలేదా అత్తా?”

“ఆమె వద్దనలేదు నాయనా. ఆమెను అడగనేలేదు.”

సరసమ్మకు ఏడుపు వచ్చింది. తల్లి మీద కోపంతో కాదు. ముప్పై ఒక్క ఏళ్లు మోసిన ముల్లు ఊడి వచ్చిన చోట, అటువంటిదే ఇంకోటి కనిపించింది.

“ఆ పొద్దు నా దీపాలు ఆరిపోయుంటే గాలికి ఆరినాయని అనుకుంటా” అంది, భర్త వైపు తిరిగి. “మామూలుగా మండుంటే చల్లగా మండినాయని సంతోషపడుంటా. నీలంగా మండితే అమ్మ పలికిందంటిని. ఎట్ల మండినా నేను సరేననే చెప్పుంటా. మా అమ్మ మాదిరే నేనూ రెండు పొట్లాల్లోనూ తెల్లపువ్వే పెట్టినా. పిల్లను మాత్రం అడగలేదు.”

హేమప్రియ వచ్చి తల్లి వీపు మీద చెయ్యి వేసింది. దేవరాజులు గొడుగు కొనను గచ్చు మీద గీస్తూ కూర్చున్నాడు. కూతురిని పిలిచి, ముఖం చూడకుండా అడిగాడు.

“నిజంగా చెప్తావా? చాలని?”

“చెప్తా నాయనా. తిట్టినా చెప్తా.”

“వాడు తిట్టుంటాడు” అన్నాడాయన. తమ్ముడి సంగతి ఆ మాత్రం మాట్లాడటం కూడా ఇంట్లో ఎవరూ వినలేదు. “బాగా తిట్టుంటాడు. అయినా చెప్పుండాల్సింది. నేను వాడికీ బీగాలు వేస్తిని గానీ, పక్కన కూర్చుని చెప్పింది లేదు.”

తర్వాత ఆయన వీధిలోకి వెళ్లి, ఎండలోనే నిలబడి, గోపాలస్వామికి ఫోను చేశాడు. పిల్ల ఒప్పుకోలేదని, ముందుగా అడగకపోవడం తన తప్పేనని, అబ్బాయి బంగారమని చెప్పడం లోపలికి వినిపించింది. అవతలివాళ్లు గట్టిగానే మాట్లాడినట్టుంది. ఆయన మధ్యమధ్య సరి, సరి అంటూ తల వంచుకునే నిలబడ్డాడు. లోపలికి వచ్చి కూర్చుని, జేబులోంచి బాగాయం గేటు చెవి తీసి హేమప్రియ చేతిలో పెట్టాడు. ఆ పని తనకు ఇప్పటికీ నచ్చలేదని, నచ్చుతుందని చెప్పలేనని అన్నాడు. అయినా మంగళవారం కాట్పాడిలో తనే రైలెక్కిస్తానన్నాడు.

వెళ్లబోయే ముందు భార్య పక్కన ఒక్క క్షణం ఆగాడు. “ఆ దినం నిన్నే అడిగుంటే ఏం చెప్పుందువు?”

“ఇప్పుడా అడిగేది?” అంది సరసమ్మ, కొంగుతో ముఖం తుడుచుకుంటూ. “ఇంటికి పోయి ఇడ్లీకి నానబెట్టాల.” ఆయన నవ్వలేదు గానీ, కదలకుండా నిలబడే ఉన్నాడు. జవాబు వినకుండా వెళ్లేటట్టు లేడు. సరసమ్మ గొంతు తగ్గించింది. “ఒక దినం ఆలోచించుకుంటానని చెప్పుంటా. ఆ తర్వాత సరేననే ఉంటా.” అంగడికి వెళ్లాల్సిన దేవరాజులు మళ్లీ వచ్చి బల్ల మీదే కూర్చున్నాడు.

అప్పుడు చెంగమ్మ తన మాట బయట పెట్టింది. పొట్లాల తప్పుకు ఆ రోజే గంగమ్మకు నూట ఎనిమిది నిమ్మకాయల దండ మొక్కుకుందట. చిన్న మొక్కే. కానీ చేసిన మోసం తెలిసిన ముఖంతో ఆ గడప తొక్కలేక, ఇన్నేళ్లూ గుడి వీధిలోకే పోలేదట. కూతురికి చెప్పనిదే ఆ బాకీ తీర్చే అర్హత లేదని అనిపించేదట.

దేవరాజులే బజారుకు వెళ్లి నిమ్మకాయలు తెచ్చాడు. ముగ్గురు ఆడవాళ్లూ గచ్చు మీద కూర్చున్నారు. హేమప్రియ ఒక్కొక్క కాయనూ బొటనవేలితో నొక్కి, వాసన చూసి, మెత్తబడినవి పక్కన పెట్టింది. సరసమ్మ దబ్బనంతో గుచ్చింది. చెంగమ్మ వంకర వేళ్లతో దారం చివర పట్టుకుని కూర్చుంది. గుచ్చిన ప్రతి కాయ నుంచీ చిన్న తుంపర లేచి ఇల్లంతా నిమ్మవాసన నిండింది.

“తొక్కలో నూనె ఉండాది కదా, అదే ఈ వాసన” అంది హేమప్రియ.

“తెలుసులే” అంది చెంగమ్మ. “మీ పాఠాలు మీకే ఉండనీ.”

సాయంత్రం గుడి తలుపులు తీయగానే వెళ్లారు. ఇటు సరసమ్మ, అటు హేమప్రియ పట్టుకుంటే చెంగమ్మ మెట్లెక్కింది. పూజారి దండ అందుకుని, బరువుగా ఉందని నవ్వి, అమ్మవారి మెడలో వేశాడు. పచ్చటి కాయల మధ్య గంగమ్మ ముఖం సరసమ్మకు ఎప్పటిలాగే కనిపించింది. ఆమె ఈసారి ఏమీ అడగలేదు. ఊరికే చూసింది. ఇన్నేళ్లలో అట్లా ఊరికే చూడటం ఇదే మొదటిసారేమో.

ప్రసాదంగా ఇచ్చిన నిమ్మకాయను చెంగమ్మ కళ్లకద్దుకుని మనవరాలి చేతిలో పెట్టింది.

“దీన్ని మాత్రం నీ డబ్బాలో నానబెట్టొద్దు” అంది సరసమ్మ.

“లేదమ్మా. దీన్ని సర్బత్తు చేసుకుని నలుగురం తాగుదాం.”

చెంగమ్మ మెట్ల మీద ఆగి, అలవాటుగా రొంటిన చెయ్యి పెట్టి తడుముకుంది. అక్కడ ఏమీ లేదు. చెయ్యి తీసేసి, కూతురి భుజం పట్టుకుని మెట్లు దిగింది.